తిండి ప్రింటరు

మా ఇంట్లో నా ప్రింటరును ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. అన్నిసార్లు గోడకు చెప్పి ఉంటే గోడైనా ఊ కొట్టేది. మెల్లగా చెప్పాను, నవ్వుతూ చెప్పాను, అరిచి చెప్పాను. చివరికి తెల్ల కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘ఇది తిండి ప్రింటరు, ఎవరూ ముట్టుకోవద్దు’ అని రాసి దాని నెత్తిన అంటించాను. మా బావగారు రాజారావుగారు అది చదివి, ఈ ప్రింటరు రోజుకు ఎన్ని పూటలు తింటుందమ్మాయ్ అని అడిగి కడుపుబ్బ నవ్వారు. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదీ నా ఖర్మ.

నేను కేకులు చేసి అమ్ముతాను. శంషాబాద్‌లో మాది ఒకే ఇంట్లో రెండు కాపురాలు. కింద బావగారు, మా తోటికోడలు విజయక్క, వాళ్ళ పాప బిందు. పైన నేను, మా ఆయన సుధీర్. భీమవరం దగ్గర నుంచి వచ్చిన కుటుంబమే అయినా మా మామగారి కాలంలోనే ఇక్కడ స్థిరపడ్డారు. సుధీర్ ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం చేస్తాడు. అక్కడి స్టాఫే నా మొదటి గిరాకీ. ఒకళ్ళు తిని ఇంకొకళ్ళకు చెప్పారు, వాళ్ళు మరొకళ్ళకు చెప్పారు. ఇప్పుడు అటు రాజేంద్రనగర్, ఇటు కొత్తూరు దాకా పిల్లల పుట్టినరోజంటే నాకు ఫోను చేస్తారు. ముఖ్యంగా ఫొటో కేకు కోసం చేస్తారు.

ఫొటో కేకు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. పంచదారతో చేసిన పల్చటి షీటు ఒకటి ఉంటుంది. దాని మీద పిల్లవాడి ఫొటో ప్రింటు తీసి, కేకు పైన క్రీము మీద పరుస్తాను. ఆ షీటునూ తినొచ్చు, దాని మీది రంగునూ తినొచ్చు. ఎందుకంటే ఆ ప్రింటరులో వేసేది మామూలు ఇంకు కాదు, మిఠాయిల్లో వేసే రంగులతో తయారుచేసిన ఇంకు. ప్రింటరు మాత్రం బజార్లో దొరికే ప్రింటరే. కార్ట్రిడ్జులూ చూడ్డానికి మామూలువాటిలాగే ఉంటాయి. అందుకే దానికి ఒకే ఒక్క నియమం. కొన్న రోజు నుంచి పారేసే రోజు దాకా తినే ఇంకు తప్ప వేరే చుక్క దానిలోకి పోకూడదు. ఒక్కసారి పోయిందంటే, తరవాత కార్ట్రిడ్జులు మార్చినా లాభం లేదు. లోపల ఇంకు చిమ్మే హెడ్డులో పాత ఇంకు మిగిలిపోయి, కొత్తదానితో కలిసి వస్తుంది. ఉల్లిపాయ కోసిన కత్తితో మామిడిపండు కోస్తే ఏమవుతుందో వంటింటి మొహం చూసినవాళ్ళందరికీ తెలుసు. మా ఇంట్లో మగవాళ్ళు వంటింటి మొహం చూడరు.

ఈ తినే ఇంకుతో ఇంకో తలనొప్పి ఉంది. అది పాకం లాంటిది. కొన్నాళ్ళు వాడకుండా వదిలేస్తే హెడ్డులో గడ్డకట్టి కూర్చుంటుంది. అందుకని ఊరెళ్ళేటప్పుడు సగం వాడిన కార్ట్రిడ్జులను ప్రింటరులోంచి తీసి, మూతికి బిరడాలు పెట్టి, జిప్పు కవరులో వేసి గాలి తీసేసి, స్టీలు డబ్బాలో నిలబెట్టి అటక మీద నీడపట్టున పెడతాను. హెడ్డును గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరబెడతాను. తిరిగొచ్చాక అన్నీ మళ్ళీ అమరుస్తాను. పసిపిల్లకు స్నానం చేయించి పడుకోబెట్టినట్టు చేస్తావని సుధీర్ వెక్కిరిస్తాడు. చేస్తాను మరి. పసిపిల్లలు తినేది కాబట్టి చేస్తాను.

మొన్న మా పిన్ని కూతురి పెళ్ళికి రావులపాలెం వెళ్ళేముందు కూడా ఇదంతా చేసే వెళ్ళాను. పెళ్ళిలో ఉండగానే మహీన్ ఫోను చేసింది. మహీన్‌ది మామిడిపల్లి. ఎయిర్‌పోర్టులో కాఫీ స్టాల్‌లో పని చేస్తుంది. నా కేకుల గురించి అక్కడ అందరికీ చెప్పి పెట్టింది ఆ పిల్లే. ఆదివారం తన కొడుకు అరీబు పుట్టినరోజని, ఈసారి ఫొటో కేకే కావాలని వాడు పట్టుపట్టాడని చెప్పింది. నేను ఊరి నుంచి వచ్చిన రోజే ఇంటికి వచ్చింది కూడా. కేకులో ఏమేం వేస్తావని ఒక్కొక్కటే అడిగింది. జెలటిన్ ఉంటుందా, రంగులో ఆల్కహాల్ గిట్ల కలుపుతారా, ఆ షీటు దేనితో చేస్తారు అని. మా మామ అడుగుతడక్కా, నేను జవాబు చెప్పాలె కదా అంది. నాకు అలా అడిగేవాళ్ళంటే ఇష్టం. షీటు పాకెట్టు, ఇంకు కార్ట్రిడ్జుల అట్టపెట్టె, అన్నీ తీసి చూపించాను. వాటి మీద రాసిందంతా ఫొటో తీసుకుంది. చివరికి నేనే అన్నాను, ఈ ప్రింటరులోకి నాకు తెలియకుండా నీటిబొట్టు కూడా పోదు మహీన్, నువ్వు నిశ్చింతగా ఉండు అని. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత గర్వమో.

ఆదివారం పొద్దున్నే స్టీలు డబ్బా దించి, నా కార్ట్రిడ్జులు ప్రింటరులో పెట్టి, అరీబు ఫొటో ప్రింటు తీశాను. ముందు పన్ను ఊడి, ఆ సందులోంచి నవ్వుతున్న ఫొటో. తినే ఇంకుతో ఎప్పుడూ రంగు కొంచెం వెలిసినట్టు వస్తుంది. జుట్టు నల్లగా కాకుండా ముదురు గోధుమ రంగులో తేలుతుంది. అందరికీ అది అలవాటే. కానీ ఆ రోజు జుట్టు నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. చొక్కా నీలం నీలంలాగే ఉంది. హెడ్డు శుభ్రంగా కడిగినందుకే ఇంత బాగా వచ్చిందని మురిసిపోయాను. ఫొటో తీసి స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాను. మహీన్, వాళ్ళ మామ గఫార్ ఆటోలో వచ్చి కేకు తీసుకెళ్ళారు. ఆయన పెట్టె మూత కొంచెం ఎత్తి చూసి, మనవడు అచ్చం ఇట్లనే నవ్వుతడమ్మా అని సంతోషపడ్డాడు. సాయంత్రం పిల్లలంతా వస్తారని, అసర్ నమాజు అయ్యాక కోస్తామని చెప్పాడు.

మధ్యాహ్నం తిరిగాక ఉప్మా చేద్దామని కరివేపాకు కోసం ఫ్రిజ్ కింది అర లాగాను. కట్ట తీస్తే దాని కింద ఒక జిప్పు కవరు కనిపించింది. లోపల నాలుగు కార్ట్రిడ్జులు. మూతికి బిరడాలు పెట్టి ఉన్నాయి. కవరులో గాలి లేకుండా నొక్కి ఉంది. ఒక్క క్షణం నావే అనుకున్నాను. నావి ప్రింటరులో ఉన్నాయి కదా అని వెంటనే తట్టింది. కవరు విప్పి చూశాను. సగం దాకా వాడి ఉన్నాయి. మామూలు ఇంకు. పిల్లలకు అందకుండా ఉంచమని పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉంది.

సుధీర్ హాల్లో క్రికెట్ చూస్తున్నాడు. కవరు తెచ్చి అతని ముందు పెట్టాను. ఇవేంటని అడిగాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. ఆ మొహం చూడగానే నాకు సగం అర్థమైంది. మిగతా సగం లాగేసరికి పది అబద్ధాలు దాటాల్సి వచ్చింది. బావగారు కొత్తూరు అవతల ప్లాట్ల వెంచరు ఒకటి అమ్మిపెడుతున్నారు. నేను ఊళ్ళో లేనప్పుడు ఆయనకు అర్జంటుగా రంగుల బ్రోచర్లు కావాల్సి వచ్చాయి. బజార్లో ప్రింటు షాపులో రేపు రమ్మన్నారట. తమ్ముడిని అడిగారట, తమ్ముడు నా కేకుల గది తాళం తీసి ఇచ్చాడట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా ప్రింటరు వీళ్ళ అన్నదమ్ముల ప్రేమకు కానుకైపోయింది.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. “చెప్తే నువ్వు గొడవ చేస్తావని,” అన్నాడు సుధీర్.

అంటే ఇతనికి తెలుసు. పొద్దున నేను ప్రింటు తీస్తుంటే పక్కన నిలబడి కాఫీ తాగుతూ, రంగు భలే వచ్చిందే అన్నాడు. తెలిసి అన్నాడు. నాకు వచ్చిన కోపానికి ఆ టీవీ పగలగొట్టాల్సింది. పగలగొట్టలేదు, కేకు ఇంకా కోసి ఉండరని గుర్తొచ్చింది. మహీన్‌కు ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఇల్లు నిండా చుట్టాలు, పిల్లలు. ఫోను ఏ బీరువా మీదో మోగుతూ ఉంటుంది. మెసేజి పెట్టాను, కేకు కోయవద్దని. చూడలేదు. కవరు పట్టుకుని స్కూటీ కోసం కిందికి దిగాను.

బావగారు వరండాలో బ్రోచర్లు మడతపెడుతున్నారు. నా చేతిలో కవరు చూసి ఏమాత్రం కంగారుపడలేదు. పైగా మెచ్చుకుంటానని ఎదురుచూస్తున్నట్టు మొహం పెట్టారు.

“నీ దగ్గరే నేర్చుకున్నానమ్మాయ్. నీ ఇంకు ముట్టుకోలేదు, నా ఇంకు నేనే కొనుక్కొచ్చి వేసుకున్నాను. అయిపోయాక బిరడాలు పెట్టి, గాలి తీసేసి, ఎండిపోకుండా మీ ఫ్రిజ్‌లోనే పెట్టాను. వచ్చే ఆదివారం సైట్ విజిట్‌కి మళ్ళీ కావాలి కదా.”

నిలువునా మండిపోయాను. తన ఇంకు ఎండిపోకూడదని ఎంత జాగ్రత్త! బిరడా, కవరు, చల్లదనం, కరివేపాకు నీడ. నెలల తరబడి నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన వాటిలో ఈయనకు ఎక్కింది అదొక్కటే. ఎందుకు చెప్పానో మాత్రం ఎక్కలేదు. ఆ ఇంకు పిల్లల కడుపులోకి పోతుంది బావగారూ అని అరిచాను. బిందు లోపలి నుంచి తొంగిచూసింది. విజయక్క వచ్చి నా చేయి పట్టుకుంది.

అప్పుడు ముగ్గురూ కలిసి నాకు బుద్ధి చెప్పారు. హెడ్డులో మిగిలేది ఎంత, రెండు చుక్కలు అన్నారు బావగారు. చిన్నప్పుడు న్యూస్‌పేపరులో చుట్టిన బజ్జీలు తినలేదా, ఆ నూనెకు అక్షరాలన్నీ బజ్జీల మీద దిగేవి, మనమేమైనా చచ్చామా అన్నారు. తిన్నవాళ్ళకు లేని బాధ నీకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకా అంది విజయక్క. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఇన్నేళ్ళ పేరు ఒక్క మాటతో పోతుంది అని కూడా అంది. సుధీర్ నా వెనకే దిగి వచ్చి ఒక ఉపాయం చెప్పాడు. వెళ్ళాలనుంటే వెళ్ళు, క్రీము పులిసిందని చెప్పి కేకు వెనక్కి తీసుకురా, ఇంకు సంగతి ఎత్తకు అన్నాడు. చివర్లో బావగారు ఒక మాట అన్నారు.

“అయినా మన చుట్టాలా పక్కాలా? ఎక్కడో మామిడిపల్లి సాయిబులు. వాళ్ళకేం తెలుస్తుంది?”

ఈ మనిషికి నేను ఇన్నేళ్ళుగా పండగలకు కాళ్ళకు దణ్ణం పెట్టాను. సుధీర్ చేతిలోంచి స్కూటీ తాళం లాక్కుని బయలుదేరాను.

ఎయిర్‌పోర్టు గోడ పక్కనుంచి మామిడిపల్లి రోడ్డు పట్టాను. ఆదివారం సాయంత్రం, పహాడీ షరీఫ్ దర్గాకు వెళ్ళే జనం, ఎదురుగా కంకర లారీలు. ప్రతి గుంటలోనూ సుధీర్‌ను తిట్టుకున్నాను, ప్రతి లారీ వెనకా బావగారిని తిట్టుకున్నాను. దారిలో ఒకచోట ఆగి మళ్ళీ ఫోను చేశాను, ఎత్తలేదు. నిజం దాచడం ఎందుకు, క్రీము పులిసిందన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. కోయకుండా ఉంటే ఆ మాట చెప్పి తెచ్చేసుకోవచ్చు. మహీన్ కొంచెం విసుక్కుంటుంది, అంతే. నా పేరు మిగులుతుంది. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా ఆ గల్లీ మలుపు దాకా అనుకుంటూనే వెళ్ళాను.

కేకు కోసేశారు. వాకిట్లో పిల్లలు వరసగా నిలబడి నాలుకలు బయటపెట్టి, ఎవరి నాలుక ఎక్కువ నీలంగా ఉందో చూసుకుంటున్నారు. ఫొటో కేకు తిన్న పిల్లలు ఎప్పుడూ చేసే ఆటే అది. చూసినప్పుడల్లా నవ్వుకునేదాన్ని. అరీబు అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. పుట్టినరోజు వాడిది కాబట్టి, ఫొటోలో తన చొక్కా ముక్క మొత్తం వాడికే పెట్టారట. నన్ను చూసి, ఆంటీ, నేనే ఫస్ట్ అని నాలుక చూపించాడు.

ఇంక క్రీము మాట ఎక్కడిది? క్రీము పులిసిందంటే పెద్దవాళ్ళు మజ్జిగ పట్టించి ఊరుకుంటారు. ఇంకు అని చెబితేనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్తారు. వాకిట్లోనే నిలబడి, తినొద్దు, అందరూ పక్కన పెట్టేయండి అని గట్టిగా అరిచాను. మహీన్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. కవరు ఆమె చేతిలో పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. మా బావగారి పేరూ చెప్పాను, మా ఆయన పేరూ చెప్పాను. నేను చూసుకోకుండా ప్రింటు తీశానని కూడా చెప్పాను.

గఫార్ పిల్లల దగ్గరకు వెళ్ళి ఒక్కొక్కరి చేతిలోంచి ప్లేటు తీసుకున్నాడు. ఏడ్చినవాళ్ళకు బిస్కెట్టు ఇచ్చి, నోళ్ళు కడిగించాడు. మహీన్ ఆ కవరును అటూఇటూ తిప్పి, పక్కన రాసిన చిన్న అక్షరాలు చదివింది. అది చదువుతున్నప్పుడు ఆమె మొహం చూడలేకపోయాను.

“అక్కా, నేను నిన్ను అన్నీ అడిగిన. ఒక్కొక్కటి అడిగిన. నువ్వు చూపెట్టినవ్, నేను నమ్మిన. ఇంట్ల అందరికి నాది జిమ్మేదారి, నా పూచీ అని చెప్పిన. ఇప్పుడు వీళ్ళ అమ్మలకు నేనేం చెప్పాలె?”

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. అరీబు వాళ్ళమ్మ కొంగు పట్టుకుని, నాకేమైతది అమ్మీ అని అడుగుతున్నాడు. ఆ ఇంకులో ఏముందో నాకు తెలియదు. తయారుచేసినవాళ్ళు మనిషి తింటాడని అనుకుని చేసింది కాదు, అంతే తెలుసు.

తిన్న పిల్లలందర్నీ రెండు ఆటోల్లో దవాఖానకు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ కవరు చూసింది, పిల్లల నోళ్ళు చూసింది. పడిన మోతాదు తక్కువలాగే ఉంది, బాగా పుక్కిలించి నీళ్ళు తాగించండి, వాంతులు గాని కడుపునొప్పి గాని వస్తే వెంటనే తీసుకురండి అంది. తిండి ప్రింటరులో ఇది ఎవరు పోశారని అడిగి నా వైపు చూసింది. మహీన్ కూడా చూసింది. మా ఇంట్లోవాళ్ళే అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

వచ్చేసేటప్పుడు మహీన్ గేటు దాకా వచ్చింది.

“నువ్వు ఉరికొచ్చి చెప్పినవ్, గా మాట మర్చిపోను. కాని ఇగ మా ఇంటికి నీ కేకు రావద్దు అక్కా.”

సరే అన్నాను. ఇంకేమనగలను? ఆమె స్థానంలో నేనుంటే గేటు దాకా కూడా వచ్చి ఉండేదాన్ని కాదు.

మర్నాడు పొద్దున ఫోను చేస్తే గఫార్ ఎత్తాడు. పిల్లలందరూ మంచిగున్నరు, అరీబు బడికి కూడా పోయిండు, నువ్వు పరేషాన్ కాకమ్మా అన్నాడు. ఫోను పెట్టేసి నేల మీదే కూలబడి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ తరవాత నా గిరాకీ వాట్సాప్ గ్రూపులో జరిగిందంతా రాసి పెట్టాను. ఈ ప్రింటరుతో ఇక కేకు చేయనని, ఒప్పుకున్న ఫొటో కేకులన్నీ రద్దు చేసుకోమని రాశాను. మధ్యాహ్నానికల్లా మామూలు కేకులు కూడా ఒకటొకటిగా రద్దయ్యాయి. నేను ఎవరినీ తప్పుపట్టను.

సాయంత్రం కింద నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి బావగారు కుర్చీలో, సుధీర్ పక్కన స్టూలు మీద, విజయక్క గుమ్మంలో. పంచాయతీ పెట్టినట్టున్నారు. నీ గ్రూపులో పెట్టింది కార్గో అంతా తిరుగుతోంది, ఆఫీసులో తలెత్తుకోలేకపోయాను అన్నాడు సుధీర్. నన్నో విషం పెట్టేవాడిలా చిత్రించావు, రేపు ప్లాటు కొనేవాళ్ళకు తెలిస్తే నా గతేమిటి అన్నారు బావగారు. పెద్దవాళ్ళ మాట వింటే ఇంత దూరం వచ్చేదా అంది విజయక్క. పిల్లలు ఎలా ఉన్నారని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. నేనే చెప్పాను, బాగానే ఉన్నారట అని.

బావగారి మొహం వెలిగిపోయింది. “చూశావా మరి? నేను చెప్పలేదూ, రెండు చుక్కలకు ఏమీ కాదని? ఊరికే రాద్ధాంతం చేసి ఇంటి పరువు తీశావు.”

పిల్లలు క్షేమంగా ఉన్నారని నేను పొద్దున నేల మీద కూలబడి దేవుడికి చెప్పుకున్న కృతజ్ఞత, ఈయన నోట్లో పడి ఈయన గెలుపైపోయింది. గబగబా పైకి వెళ్ళాను. ప్రింటరు ఇంకా నిన్నటిలాగే ఉంది. నా కార్ట్రిడ్జులే అందులో ఉన్నాయి. పాకెట్టులోంచి పంచదార షీటు ఒకటి తీసి పెట్టి, అదే ఫొటో మళ్ళీ ప్రింటు తీశాను. అదే నల్ల జుట్టు, అదే నీలం చొక్కా. ప్లేటులో పెట్టి కిందికి తెచ్చి బావగారి ముందు టీపాయి మీద పెట్టాను.

“నిన్న ఆ పిల్లలు తిన్నది ఇదే. అదే షీటు, అదే ఇంకు. ఏమీ కాదన్నారు కదా, తినండి బావగారూ.”

పిచ్చి వేషాలు వేయకు అన్నారాయన. నేను కదల్లేదు. పోనీ నువ్వు తిను అని ప్లేటు సుధీర్ వైపు తిప్పాను. అతను గోడమీది క్యాలెండరు చూశాడు. నాకు షుగరుందని తెలుసుగా అంది విజయక్క, ఎవరూ ఆవిణ్ణి అడక్కముందే. బావగారు నవ్వబోయారు గాని నవ్వు రాలేదు. తిననని చెప్పడం లేదు, తినడమూ లేదు. భోజనం వేళ ఇదేం తిండి అన్నారు, రేపు మాట్లాడుకుందాం అన్నారు. ప్లేటు వైపు మాత్రం చూడటం లేదు. ఆ క్షణంలో ఈ ముగ్గురి మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, ప్లేటు పక్కనే బిందు వచ్చి నిలబడింది కూడా గమనించలేదు.

పాపకు పంచదార షీటంటే ప్రాణం. పైన నేను అంచులు కత్తిరించినప్పుడల్లా చేయి చాపి నిలబడేది. అలవాటుగా ఒక మూల విరిచి నోటి దగ్గరకు తీసుకెళ్ళింది. నేను చేయి చాపేలోపు బావగారు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచారు. టీపాయి పక్కకు పడింది. ఆయన బిందు చేతి మీద కొట్టి ఆ ముక్క లాగేసి, పాప నోట్లో వేలు పెట్టి వెతికారు.

“వద్దమ్మా! నోట్లో పెట్టకు. ఇంకు అది, ఇంకు!”

పాప బిత్తరపోయి ఏడ్చింది. ఆయన దాన్ని ఎత్తుకుని సింకు దగ్గరకు పరిగెత్తారు. పుక్కిలించు, మింగకు, ఉమ్మేయి, మళ్ళీ పుక్కిలించు అని చెబుతున్నారు. ఒక్క తునక కూడా నోట్లోకి పోలేదు. అయినా కడుగుతూనే ఉన్నారు. విజయక్క తువ్వాలు పట్టుకుని ఆయన వెనకాల నిలబడి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్దామా అని అడిగింది.

నేను నేల మీద పడ్డ షీటు ముక్కలన్నీ ఏరి, ఒక్కటి కూడా మిగలకుండా తుడిచాను. తరవాత సింకు దగ్గరకు వెళ్ళి బావగారి పక్కన నిలబడ్డాను.

“నిన్న ఆ పిల్లవాడికి ఇలా నోరు కడిగింది వాళ్ళ తాత,” అన్నాను. “వాడి పేరు అరీబు.”

ఆయన నా వైపు తిరగలేదు. కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయారు.